గాలి గదిలో ఒకటిన్నర మనుషులు

ఆ ఉదయం టెక్నీషియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెళ్లాన్ని రోజంతా కళ్లారా చూడాలి, అంతే. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ. అతనిది పగటి ఉద్యోగం. ఆవిడ గుమ్మంలో చెప్పులు విప్పే వేళకు అతను చెప్పులు వేసుకునేవాడు. ఆవిడ తల ఆనిన దిండు చల్లారకముందే తన తల ఆనించి, అదే భాగ్యమనుకునేవాడు పాపం.

అతను పనిచేసే పరిశోధనశాలలో ఒక గాలి గది ఉంది. అందులో మనిషిని ఉంచి తలుపు బిగిస్తే, పీల్చే గాలినీ వదిలే గాలినీ కొలిచి, ఒంట్లోని కణాలు తిండిని ఎంత జోరుగా మండిస్తున్నాయో యంత్రం గీత గీసి చూపిస్తుంది. ప్రతి కణంలోనూ ఒక కొలిమి ఉందని ఊదరగొట్టే ప్రొఫెసరుకు అందరూ కొలిమి మాస్టారని పేరు పెట్టారు. ఆ కొలిమిని ఎగదోసే మాత్ర ఒకటి ఆయన కొత్తగా తయారుచేశాడు. మాత్ర మింగి గదిలో ఉండవలసిన మనిషి జ్వరమని ఆ రోజు రాలేదు. టెక్నీషియన్‌కు పండగే అయింది. డ్యూటీ దిగిన భార్యను బతిమాలి తీసుకొచ్చాడు. మధ్యలో అద్దం ఉంటే ఉండనీ, ఫోనులో కబుర్లు చెప్పుకోవచ్చు కదా!

ఆవిడ మాత్ర మింగింది, మంచమెక్కింది, నిద్రపోయింది.

అద్దానికి ముక్కు ఆనించి అతను చూస్తూ కూర్చున్నాడు. ఎంత చూసినా తనివి తీరలేదు. ఇంతలో ఆవిడ దుప్పటి జారింది. మాస్టారు పక్క భవనంలో ఏదో సమావేశంలో ఉన్నాడు. ఇలా వెళ్లి అలా కప్పి వచ్చేద్దామని, గాలి తప్పించుకోకుండా ఒకదాని వెనక ఒకటి కట్టిన రెండు తలుపులూ దాటాడు.

"వచ్చారా?" అంది ఆవిడ కళ్లు తెరవకుండానే, చెయ్యి పట్టుకుని. "కాసేపు కూర్చోండి."

కూర్చున్నాడు. ఆ నిద్రమత్తు గొంతు విని ఎన్నాళ్లయిందో! లేద్దామని చాలాసార్లు అనుకున్నాడు, లేవలేదు. ఆవిడ లేచాక ఇద్దరూ గుసగుసగా కబుర్లాడుకుంటూ, ఒకరికి పెట్టిన భోజనాన్ని పంచుకు తిన్నారు.

అక్కడ మాస్టారు తన ఫోనులో గీత చూసి కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. అది మామూలుకు ఒకటిన్నర రెట్లయింది. వెంటనే గాలి గదికి ఫోను చేశాడు.

"అమ్మా, ఎలా ఉంది?"

నర్సుకు అబద్ధమాడటం చేతకాదు. "గుండె దడదడలాడుతోంది సార్."

"శభాష్! చెమట పడుతోందా?"

ఆవిడ మొగుడి నుదురు చూసింది. "ధారగా కారుతోంది సార్."

"ఆకలి?"

"కంచం కడిగినట్టుంది సార్."

ఇంకేముంది! మాస్టారు డైరెక్టరును వెంటబెట్టుకుని, డైరెక్టరు పత్రికలవాళ్లను వెంటబెట్టుకుని ఊపుగా వచ్చారు. అడుగుల చప్పుడు విని టెక్నీషియన్ మంచం కింద దూరాడు.

"ఊబకాయానికి ఇక రోజులు చెల్లాయి!" అని మాస్టారు అద్దం ముందు ఉపన్యాసం అందుకున్నాడు. మందుల గది చూసుకునే ఆవిడ ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చింది.

"సార్, ఇవాళ ఇచ్చింది ఉత్తుత్తి మాత్ర సార్! పోల్చి చూడ్డానికి ఇమ్మన్నది మీరే. ఎప్పుడు ఏదిస్తున్నామో మీకు చెప్పొద్దన్నదీ మీరే!"

మాస్టారి ముఖం వాడిపోయింది. "మరి అంత గాలి ఎవరు పీల్చినట్టు?"

నర్సు మెల్లగా మంచం కిందికి చూసింది. అందరూ అటే చూశారు.

డైరెక్టరు పత్రికలవాళ్లను టీకి లాక్కెళ్లాడు. టెక్నీషియన్ దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చాడు. ఉద్యోగం ఊడినట్టేనని అర్థమైంది.

"తప్పయిపోయింది సార్. మా ఆవిడను గుమ్మంలో తప్ప తీరిగ్గా చూసి చాలా కాలమైంది. బెంగగా అనిపించింది."

మాస్టారు వినిపించుకోలేదు. గీతనే చూస్తున్నాడు. "ఇద్దరున్నారు, గాలి మాత్రం ఒకటిన్నర మనుషులకే ఖర్చయింది. తక్కిన సగం మనిషేడీ?"

"ఏమో సార్," అంది నర్సు, "హాయిగా కూర్చున్నాం, అంతే."

మాస్టారి కళ్లు మెరిశాయి. అప్పటికప్పుడు ఆసుపత్రికి ఫోను చేశాడు. ఆవిడ నెలల తరబడి కాళ్లావేళ్లా పడినా దొరకని సెలవు ఒక్క మాటతో వచ్చేసింది.

"వారం రోజులమ్మా! ఇద్దరూ ఇక్కడే!"

మొగుడూ పెళ్లాల కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇద్దరం కలిసేనా సార్?" అన్నాడు టెక్నీషియన్.

"కలిసి ఉంటే ఎంతో తెలిసిందిగా! ఇప్పుడు విడివిడిగా ఎంతో తేలాలి. అమ్మాయి ఈ గదిలో, నువ్వు పై అంతస్తు గదిలో. ఫోన్లు కుదరవు. మాట్లాడుకుంటే లెక్క చెడుతుంది."

విడివిడిగా ఉన్నప్పటి లెక్కలు తమ కాపురంలో కావలసినన్ని పోగుపడి ఉన్నాయని టెక్నీషియన్ చెప్పబోయాడు గానీ, మాస్టారు అప్పటికే ఆవిడ గది తలుపు బిగించేశాడు.