పదిహేడో పేజీలో మోకాళ్లు

ఆ రోజు ఉదయం కామాగారు పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగుతూ పదిహేడో పేజీని ఆఖరుసారి చూడడం, తొమ్మిదింటికి ప్రెస్సుకు ఫోను చేసి "ఇక కొట్టేయండి" అనడం, ఆ తర్వాత నింపాదిగా స్నానం.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయనకు ఆ పేరు పెట్టింది ఫోర్‌మన్. ఇరవై రెండేళ్లలో ఆయన చేర్చిన కామాలన్నీ ఒకచోట పోస్తే గది నిండుతుందని అందరూ నవ్వుకునేవారు. తప్పులేవీ దొరకని రోజున ఆయన కూడా నవ్వేవారు.

ఈసారి పుస్తకం సొంత ఇంటిది. కామాగారి భార్య వ్యాయామం నేర్పే టీచరు. భుజం పట్టేసి జడ కూడా వేసుకోలేక వచ్చిన ఆడవాళ్లు ఆమె దగ్గర ఆర్నెల్లు నేర్చుకుని, అటక మీది పెట్టెలు తామే దింపుకునేవారు. క్లాసుకు రాలేనివాళ్ల కోసం ఆమె రెండేళ్లు కూర్చుని ఒక చిన్న పుస్తకం రాసింది. ఆ రోజే అచ్చుకెక్కాలి.

చిక్కల్లా పదిహేడో పేజీతో వచ్చింది. బరువైన డంబెళ్లను భుజాల దాకా ఎలా తెచ్చుకోవాలో చెబుతూ ఆమె ఇలా రాసింది: "కూర్చుని, డంబెళ్లను తొడల మీద నిలబెట్టండి. ఒక్కొక్క మోకాలినీ పైకి తన్ని, ఆ ఊపుతో డంబెల్‌ను భుజం దగ్గరికి చేర్చండి." భుజాల వ్యాయామంలో మోకాళ్లకు ఏం పని? పాపం హడావుడిలో రాసినట్టుందని కామాగారు ముందురోజు సాయంత్రం "మోకాలిని" కొట్టేసి "మోచేతిని" అని దిద్దారు. "తన్ని" తీసేసి "ఎత్తి" అన్నారు. పనిలో పనిగా ఒక కామా కూడా పెట్టారు. భార్యకు చెప్పలేదు. చెప్పేంత విషయమనిపించలేదు.

తెల్లారాక అనుమానం మొదలైంది. భార్య అప్పటికే క్లాసుకు వెళ్లిపోయింది. రెండుసార్లు ఫోను చేశారు. క్లాసులో ఉన్నంతసేపూ ఆమె ఫోను సంచిలోనే ఉంటుంది. తొమ్మిదికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. గది మూలన ఆమె డంబెళ్లున్నాయి, ఒక్కొక్కటీ పన్నెండు కిలోలు. చేసి చూస్తే తేలిపోతుంది కదా అనుకున్నారు కామాగారు.

"కూర్చుని" అని ఉంది కాబట్టి, ఇంట్లో తనకు బాగా అలవాటైన పడక్కుర్చీలో కూర్చున్నారు. అంతకుముందే రొప్పుతూ డంబెళ్లను ఎదురుగా టీపాయ్ మీదికి చేర్చి ఉంచారు. ఒకటి ఒళ్లోకి లాక్కున్నారు, తర్వాత రెండోది. పడక్కుర్చీ గుడ్డ కిందికి సాగింది, మోకాళ్లు పైకి లేచాయి, రెండు డంబెళ్లూ తొడల మీంచి జారి ఆయన పొట్ట మీద సర్దుకున్నాయి.

తన దిద్దుబాటు ప్రకారం మోచేతులు ఎత్తబోయారు. అవి కుర్చీ చేతుల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. బలమంతా కూడగట్టి తోస్తే డంబెళ్లు నాలుగు వేళ్ల ఎత్తు లేచి, మళ్లీ అక్కడికే వచ్చాయి. పక్కకు దొర్లలేరు, ముందుకు వంగలేరు. సరిగ్గా అప్పుడు కుర్చీ చేతి మీదున్న ఫోను మోగింది. ఆయన గడ్డంతో నొక్కారు.

"మాస్టారూ, పదిహేడో పేజీ ఖాయమేనా? మిషను ఎక్కించమంటారా?" అన్నాడు ఫోర్‌మన్.

"ఆగవయ్యా. రెండూ పొట్టమీదెక్కి కూర్చున్నాయి. లేవలేకపోతున్నా."

"రెండా? ఏవి మాస్టారూ?"

జవాబు చెప్పబోతే గడ్డం తగిలి ఫోను కిందపడింది.

ఫోర్‌మన్ మంచి మనిషి. మిషను ఎక్కించొద్దని కుర్రాళ్లకు చెప్పి సైకిలెక్కాడు. టీచరమ్మ క్లాసు రెండు సందుల అవతలే. చేతులు పైకెత్తి నిలబడ్డ పద్దెనిమిది మంది ఆడవాళ్ల మధ్యలోకి రొప్పుతూ వెళ్లి, "అమ్మా, మాస్టారి పొట్ట మీద ఏవో రెండు కూర్చున్నాయట. మాట మధ్యలోనే ఫోను కట్టయింది" అన్నాడు.

టీచరమ్మకు వెంటనే కింది వాటా పిన్నిగారి రెండు పిల్లులూ గుర్తొచ్చాయి. పిల్లి పక్కనుంచి పోయినా కామాగారికి తుమ్ములు. పిన్నిగారి దగ్గర వీళ్లింటి తాళంచెవి ఒకటి ఉంటుంది. ఫోను చేసింది.

"పిన్నీ, మీ పిల్లులు మావారి మీదెక్కి కూర్చున్నాయట. కాస్త పైకెళ్లి దించుతారా?"

పిన్నిగారు తన మంచం వైపు చూశారు. పిల్లులు రెండూ అక్కడే పడుకుని ఉన్నాయి. "మావి ఇక్కడే ఉన్నాయమ్మా. అవెవరివో మరి" అని, పరాయి పిల్లులను మంచిమాటలతో దించడానికి గిన్నెడు పాలు, వినకపోతే ఉంటుందని ఒక గొడుగు పట్టుకుని మెట్లెక్కారు.

"ఏవి నాయనా, ఎక్కడ?"

"ఇవే పిన్నిగారూ" అన్నారు కామాగారు నీరసంగా.

ఆవిడ కళ్లజోడు సవరించుకున్నారు. "ఇవి పిల్లులు కావే."

"పిల్లులని నేనెప్పుడన్నానండీ?"

పిన్నిగారు జాలిపడి, కుర్చీని వెనకనుంచి కాస్త ఎత్తితే మనిషి లేస్తాడనుకున్నారు. ఒక చేత్తో పాలగిన్నె పట్టుకునే రెండో చేత్తో పైకి లాగారు. వెనక కర్ర గాడిలోంచి ఊడింది. కుర్చీ నేలకు పరుచుకుంది, దానితోపాటు కామాగారూ. గిన్నెడు పాలూ ఆయన చొక్కా మీదికి వచ్చాయి. తలుపు తెరిచే ఉంది. పిన్నిగారి పిల్లులకు వాసన అందడానికి ఎంతోసేపు పట్టలేదు.

టీచరమ్మ, ఫోర్‌మన్ పరుగున వచ్చేసరికి కామాగారు వెల్లకిలా పడి తుమ్ముతున్నారు. ఆయన మీద రెండు డంబెళ్లు, వాటి మీద రెండు పిల్లులు.

"నే చెప్పలేదా అమ్మా, రెండని" అన్నాడు ఫోర్‌మన్ తృప్తిగా.

పిల్లులను పిన్నిగారు, డంబెళ్లను టీచరమ్మ తీసేశారు. ఆయన లేచి కూర్చుని, పాలు కారుతున్న చొక్కాతోనే అంతా చెప్పేశారు. మోకాలు, మోచేయి, కామా, ఏదీ దాచలేదు. చెప్పాక భార్య ముఖం చూడ్డానికి ధైర్యం చాలలేదు. రెండేళ్లు రాసిన పుస్తకం అది.

ఆమె నిటారు వీపున్న భోజనాల బల్ల కుర్చీని గోడకు ఆనించి కూర్చుంది. డంబెళ్లను ఒక్కొక్కటిగా అందుకుని మోకాళ్లకు దగ్గరగా తొడల మీద నిలబెట్టింది. కుడి మోకాలు ఎగిరింది. డంబెల్ భుజం దగ్గరుంది. ఎడమ మోకాలు ఎగిరింది, రెండోదీ చేరింది. రెంటినీ తలపైకి నెట్టి, మళ్లీ భుజాలకు, అక్కడినుంచి తొడల మీదికి, చివరికి నేల మీదికి దించింది. చప్పుడే కాలేదు.

"బరువంతా చేతులే ఎందుకు మొయ్యాలండీ? కాళ్లు సగం దారి తెచ్చి ఇస్తాయి" అంది.

తర్వాత ప్రూఫు తీసుకుని చదివింది. చాలాసేపు చదివింది.

"తప్పు మీదొక్కరిదే కాదు. ఉత్త 'కూర్చుని' అని రాశాను. ఏ కుర్చీయో రాయలేదు. మా హాల్లో అన్నీ నిటారు కుర్చీలే, అందుకే తోచలేదు. దించడం గురించైతే ఒక్క ముక్క కూడా లేదు. ఇదే అచ్చయితే ఇంకెంతమంది పడక్కుర్చీల్లో ఇరుక్కునేవాళ్లో. ఇంకా నయం, ముందు మీరు ఇరుక్కున్నారు."

"మరి ఇప్పుడేం చేద్దాం?"

"మీరే రాయండి. ఎక్కడ జారిందో, ఎక్కడ పట్టేసిందో మీకు తెలిసినట్టు నాకు తెలీదు."

"మిషను సంగతేంటి?" అని కామాగారు ఫోర్‌మన్ వైపు తిరిగారు.

"మీరు చెప్పేదాకా ఎక్కదు మాస్టారూ. నిదానంగా రాయండి."

నలుగురూ భోజనాల బల్ల చుట్టూ చేరారు. కామాగారు ఒక వాక్యం రాయడం, టీచరమ్మ సరిచూడడం, అది పిన్నిగారికి అర్థమైతేనే ఉంచడం. రాసింది సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి ఆయన భార్య సంచిలోని నాలుగు కిలోల జత తీసుకుని, గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, కుడి మోకాలు తన్నారు. డంబెల్ వచ్చి భుజం దగ్గర బుద్ధిగా నిలబడింది. ఎడమది కూడా. చేతులు నెమ్మదిగా తలపైకి లేచాయి. ఆయన ఆశ్చర్యపోయి భార్య వైపు చూశారు. ఆమె అప్పటికే నవ్వుతోంది.

"ఊపిరి బిగబట్టకండి. రేపట్నుంచి పొద్దున్నే నాతో రండి" అంది.

"నేనూ వస్తా" అన్నారు పిన్నిగారు.

వారం తిరక్కుండా పుస్తకం వచ్చింది. పదిహేడో పేజీని పదకొండుసార్లు చూశారు కాబట్టి అందులో ఒక్క తప్పూ లేదు. అట్ట మీద మాత్రం "భుజబలం" అని ఉండాల్సిన చోట "భోజనబలం" అని పడింది. ప్రతులు అనుకున్నదానికంటే త్వరగా అయిపోయాయి.