స్థానిక సమాజం వారి అల్లుడు

"విశ్వవిద్యాలయం మెదడు, అంకుర సంస్థ చెయ్యి, స్థానిక సమాజం గుండె. ఈ మూడూ ఒకే కప్పు కింద కలిసిన నాడు జాతి లేచి నిలబడుతుంది!"

ఈ మహావాక్యం ఆ భవనంలో అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద మనిషెత్తు అక్షరాలతో కనిపిస్తుంది. కడుపు ప్రస్తావన అందులో లేదు కాబట్టి క్యాంటీను కట్టలేదు. మిగిలినవన్నీ కట్టారు. పొడవాటి బల్లలు, రంగురంగుల కుర్చీలు, కూర్చున్న మనిషిని నడుము దాకా మింగేసే బీన్ బ్యాగులు, ఫోన్లు మాట్లాడుకోవడానికి అద్దాల గదులు. ఎవరి పని వాళ్లు తెచ్చుకుని పక్కపక్కన కూర్చుని చేసుకుంటూ ఉంటే, మధ్యమధ్య ఒకరి మాట ఒకరి చెవిన పడి, కొత్త ఆలోచనలు వాటంతట అవే పుట్టుకొస్తాయని పెద్దల నమ్మకం. దీన్ని కో-వర్కింగ్ స్పేస్ అంటారు.

అవి పుట్టుకొచ్చేదాకా దగ్గరుండి చూసుకునే ఉద్యోగం సమన్వయకర్తది. పాపం, ఆయన అంతకుముందు ఎక్కడ చేరినా, చేరిన ఏడాదికల్లా ఆ కంపెనీ మూతపడేది. తలుపు మీద తన హోదా రాసిన పలక చూసుకోవడం ఆయనకిదే మొదటిసారి. రోజూ రాగానే జేబురుమాలుతో దాన్ని తుడిచి లోపలికి వెళ్లేవాడు. అయితే ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. మదింపు సంఘం వచ్చి, మూడు వర్గాలూ కలిసి పనిచేస్తూ ఉండగా కళ్లారా చూసి, బాగుందంటే ఖాయం. లేకపోతే ఇంటికి. ఇంట్లో మాత్రం ఎప్పుడో ఖాయమైపోయిందని చెప్పేశాడు. అత్తవారింట్లో మేడమీద వాటాలో కాపురముండే అల్లుడికి ఆ మాత్రం అబద్ధం చేతిలో లేకపోతే మెట్లెక్కడం కష్టం.

ఇక ఆ మూడు వర్గాల వైభోగం చూడండి. మెదడు రోజూ వస్తుంది. ప్రొఫెసరుగారు భోంచేసి వచ్చి, అద్దాల గదిలో ఏసీ పెట్టుకుని, ఒక కునుకు తీసి వెళ్లిపోతారు. చెయ్యి కొన్నాళ్లు ఆడింది. ఇరుగుపొరుగు వాళ్లని ఒకరికొకరిని పరిచయం చేసే యాప్ తయారుచేస్తామని ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. ఆ ముగ్గురికీ ఒకరితో ఒకరికి మాటల్లేకుండా పోయి, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. గుండె అసలు గడపే దాటలేదు. గాజు తలుపు కార్డు చూపిస్తేనే తెరుచుకుంటుంది. కార్డు కావాలంటే లోపలికొచ్చి అడగాలి. వీధిలోవాళ్లు అప్పుడప్పుడు అద్దం తట్టి, "ఇక్కడ జెరాక్స్ తీస్తారా?" అని కనుక్కునేవాళ్లు. "ఇక్కడ అన్నీ ఒరిజినల్సే" అని సమన్వయకర్త గర్వంగా చెప్పి పంపేసేవాడు.

అటువంటి రోజుల్లో, మర్నాడే వస్తున్నామని సంఘం నుంచి ఫోనొచ్చింది.

సమన్వయకర్త పరుగున వెళ్లి ప్రొఫెసరుగారిని నిద్రలేపాడు. "రేపు కుదరదయ్యా" అన్నారాయన. "పక్క పేటలో ఇలాంటిదే ఇంకో కేంద్రం తెరుస్తున్నారు. అక్కడ నేను ముఖ్య అతిథిని. ఇక్కడ ఉత్త మెదడునే కదా."

ఆ సాయంత్రం సమన్వయకర్త మేడమీదికి పోకుండా నేరుగా అత్తగారి ముందు నిలబడ్డాడు. ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"అత్తయ్యా, రేపొక్కపూట మీరు స్థానిక సమాజంగా కూర్చోవాలి."

"కూర్చుని ఏం చెయ్యాలి బాబూ?"

"ఏమీ చెయ్యక్కర్లేదండీ. సమాజం ఏమీ చెయ్యదు. ప్రయోజనం పొందుతుంది, అంతే."

"ఏం ప్రయోజనం?"

"అది వాళ్లే రాసుకుంటారు. మీరు కూర్చుంటే నా ఉద్యోగం ఖాయమవుతుంది."

"అదెప్పుడో అయిందన్నారుగా?"

"అయిందండీ. అది రేపవుతుంది."

అత్తయ్య చేతిలోని దుప్పటి మడత అలాగే ఆగిపోయింది. పైన కూతురు ఏదో కూనిరాగం తీస్తూ గిన్నెలు సర్దుకుంటోంది. ఆవిడకి కోపం వచ్చింది, జాలి వేసింది, చివరికి జాలే గెలిచింది. "సరే. అమ్మాయితో మాత్రం అనకండి. ఈ గండం నేను గట్టెక్కిస్తాను" అంది.

గుండె దొరికాక మిగతావి ఎంతసేపు? హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా రిటైరైన మావయ్య విశ్వవిద్యాలయం అయ్యాడు. "నాకేం తెలుసయ్యా వాటి గురించి?" అని ఆయన బెదిరితే, "ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ కళ్లు మూసుకుని తలాడించండి మావయ్యా. ప్రొఫెసరుగారు చేసేది అదే" అని ధైర్యం చెప్పాడు. బావమరిది అంకుర సంస్థ అయ్యాడు. ఏ పనీ లేకుండా రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చోవడం వాడికి ముందునుంచే అలవాటు కాబట్టి శిక్షణ అవసరం లేకపోయింది.

"ఒక్కటే నియమం" అన్నాడు సమన్వయకర్త. "అక్కడ మనకి ఒకరికొకరం తెలీదు. ఎవరు ఎలా తిప్పి అడిగినా సరే, నేను మీ అల్లుణ్నని బయటపడకూడదు. బయటపడితే అందరి పరువూ గంగలో కలుస్తుంది."

అత్తయ్య దీన్ని తు.చ. తప్పకుండా పాటించదలుచుకుంది. భోజనాల దగ్గరే సాధన మొదలుపెట్టి, "ఇంకాస్త వడ్డించమంటారా, మీరెవరో గానీ?" అంది.

మర్నాడు సంఘం వచ్చింది. ముందు అధ్యక్షులవారు, వెనక ఇద్దరు సభ్యులు, వాళ్ల వెనక ఫైలు పట్టుకుని నీటైన చొక్కా వేసుకున్న ఒక యువకుడు. వాళ్లని చూసి మర్యాద కోసం లేవబోయిన అత్తయ్య బీన్ బ్యాగులోంచి లేవలేకపోయింది. ఎంత గింజుకుంటే అంత లోపలికి పోతోంది. కొడుకు వచ్చి రెండు చేతులూ పట్టి లాగాడు.

"స్థానిక సమాజాన్ని అంకుర సంస్థ పైకి తెస్తోంది" అని ఒక సభ్యుడు రాసుకున్నాడు.

ఆ లాగుడుకి మోచెయ్యి నొప్పెట్టి, ఇంట్లో సంగతులన్నీ గుర్తొచ్చి, అత్తయ్య విశ్వవిద్యాలయం మీద విరుచుకుపడింది. "వంటింట్లో కుళాయి కారిపోతోంది మహానుభావా అని ఎన్నాళ్లుగా మొత్తుకుంటున్నాను? చెవికెక్కుతుందా మీకు?"

మావయ్య నిన్నటి శిక్షణ మరిచిపోయాడు. "కుళాయి కారడం లేదే. నువ్వు గట్టిగా తిప్పి తిప్పి దాని మెడ విరిచేశావు. ఒత్తిడి ఎక్కువైతే ఏదైనా అంతే."

"చూశారా, సమాజం సమస్యని లేవనెత్తింది. విశ్వవిద్యాలయం దాని వెనకున్న సిద్ధాంతం చెప్పింది" అని అధ్యక్షులవారు సభ్యుల చెవిలో అన్నారు.

"అబ్బా, ఆపండి" అన్నాడు బావమరిది లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా. "ఒక ప్లంబర్ని పిలిస్తే పోలా?"

"పరిష్కారం!" అని రెండో సభ్యుడు ఉలిక్కిపడి రాసుకున్నాడు.

సమన్వయకర్తకి ముచ్చెమటలు పోశాయి. దానికి తోడు మావయ్య ఆయన వైపు తిరిగి, "నువ్వే చెప్పవయ్యా, అల్లు..." అని మొదలుపెట్టాడు. అత్తయ్య మొగుడి కాలు తొక్కింది. విశ్వవిద్యాలయం కళ్లు మూసుకుని తలాడించింది.

అధ్యక్షులవారు పరవశించిపోయారు. సమన్వయకర్త భుజం మీద చెయ్యి వేసి, గది అవతలి చివరికి నడిపించుకుపోయారు.

"నేను చాలా కేంద్రాలు చూశానయ్యా. ఎక్కడికెళ్లినా ముగ్గురూ మూడు మూలల కూర్చుని ఒకరినొకరు తమరు తమరు అనుకుంటూ ఉంటారు. ఇక్కడ అచ్చం ఒకే ఇంటివాళ్లలా పోట్లాడుకుంటున్నారు! కలయిక అంటే ఇదీ. ఈ కేంద్రం ఇక శాశ్వతం."

సమన్వయకర్త కళ్లలో నీళ్లు తిరిగాయి. పైవాటా, కూనిరాగం, భార్య ముఖం ఒక్కసారిగా కళ్లముందు మెదిలాయి. ఇకమీదట ఆమెతో అబద్ధం చెప్పాల్సిన పని లేదని తోచి, ప్రాణం తేలికపడింది.

"అయితే ఒకటి" అన్నారు అధ్యక్షులవారు. "ఇంత సహజంగా కలిసిపోయేవాళ్లని కలపడానికి మధ్యలో ఒక మనిషెందుకు? సమన్వయకర్త పోస్టు రద్దు చేస్తున్నాం. దాని బదులు, ఈ పద్ధతిని ఊరూరా వ్యాపింపజేయడానికి ఒక డైరెక్టరు కావాలి. ఇలా రా అల్లుడూ."

ఫైలు పట్టుకున్న యువకుడు ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు.

"మా రెండో అమ్మాయి భర్త. ఇలాంటి బాధ్యత పరాయివాళ్లకి అప్పగిస్తే నమ్మకమేముంటుంది చెప్పు?"

సమన్వయకర్త ఇద్దరి మధ్యకీ వచ్చాడు. "అయ్యా, వాళ్లని కలిపింది నేనేనండీ."

"ఎలా కలిపావు?"

అది చెప్పే మాటైతే ఎప్పుడో చెప్పేవాడు. నోరు విప్పితే మోసం, విప్పకపోతే ఉద్యోగం పాయె. జేబురుమాలు తీసి, పక్కనున్న బల్లని తుడవడం మొదలుపెట్టాడు. ఆ అవస్థ చూసి అధ్యక్షులవారికి జాలి కలిగింది, లేదా కలిగినట్టు కనిపించడం బాగుంటుందనిపించింది.

"మేమేం నియంతలం కాదు. సమాజాన్నే అడుగుదాం. నీవల్ల మేలు జరిగిందని ఆవిడ ఒక్క మాటంటే నిన్నే ఉంచేస్తాం."

అందరూ మళ్లీ అత్తయ్య దగ్గరికి వచ్చారు. సమన్వయకర్త ముఖం వెలిగింది. ఉద్యోగం కోసం బీన్ బ్యాగులో కూరుకుపోయిన మనిషి, ఆ ఒక్క మాట అనదా?

"అమ్మా" అన్నారు అధ్యక్షులవారు చెయ్యి చాపి చూపిస్తూ. "ఈయన మీకు బాగా తెలుసుకదూ?"

అత్తయ్య నిటారుగా నిలబడి, అల్లుణ్ని తలనుంచి కాళ్లదాకా పరకాయించి చూసింది. "లేదండీ. ఇప్పుడే చూడ్డం."

"ఈయనవల్ల మీకేదో మేలు జరిగి ఉంటుంది. ఆలోచించుకుని చెప్పండి."

సమన్వయకర్త కళ్లతో సైగ చేశాడు. తల పైకీ కిందికీ ఆడించాడు. చాటుగా చేతులు కూడా జోడించాడు. అత్తయ్య అర్థమైందన్నట్టు కనురెప్ప వాల్చింది.

"మీరెన్నిసార్లడిగినా అదే మాటండీ. ఈ మనిషి ఉన్నా లేకపోయినా మాకు ఒకటే" అంది గట్టిగా.

"సమాజం తీర్పు చెప్పేసింది" అన్నారు అధ్యక్షులవారు. సభ్యులు అది కూడా రాసుకున్నారు. కొత్త డైరెక్టరు మామగారికి తలుపు తెరిచి పట్టుకుంటే, అందరూ వరసగా కారెక్కి వెళ్లిపోయారు.

కారు మలుపు తిరిగేదాకా అత్తయ్య ఊపిరి బిగబట్టి కిటికీలోంచి చూసింది. తర్వాత పమిట చెంగుతో ముఖం తుడుచుకుని, వెలిగిపోతూ వెనక్కి తిరిగింది.

"చూశారా అల్లుడుగారూ! ఎన్ని రకాలుగా తిప్పి తిప్పి అడిగారో! ఒక్కచోటైనా దొరికానా?"