మహాకొసరు

పుంగనూరు బజారు వీధిలో ఏళ్ల తరబడి పప్పూ ఉప్పూ అమ్ముతున్న ఈశ్వరప్ప, ఇకమీదట తాను అమ్మేవాడు కాదనీ, కొనేవాడనీ రెండువేల తొమ్మిది శ్రావణమాసంలో మంచిరోజు చూసి ప్రకటించాడు. ఆ ప్రకటన వినడానికి అప్పుడు అంగట్లో ఉన్నది ఆయన భార్య యశోదమ్మ, బెల్లానికి వచ్చిన ఒక ముసలామె. బెల్లానికే వచ్చిన ఈగలను లెక్కలోకి తీసుకోలేదు.

ఇంత పెద్ద నిర్ణయం ఆయన ఊరికే తీసుకోలేదు. అంతకుముందు ఆదివారం యశోదమ్మ తమ్ముడు ఉమాశంకర్ మదనపల్లెలో ఆయన్ను ఒక కల్యాణమండపానికి తీసుకుపోయాడు. అక్కడ పెళ్లి లేదు, భోజనాలు కూడా లేవు. అయినా జనం కిటకిటలాడుతున్నారు. బెంగళూరు నుంచి వచ్చిన కోటు పెద్దమనిషి ఒకాయన వేదికెక్కాడు.

“మహాశయులారా! మీ తాతలు కొన్నారు, డబ్బు పోయింది. మీ తండ్రులు కొన్నారు, డబ్బు పోయింది. మీరు కొంటే డబ్బు వెనక్కి వస్తుంది! ఖర్చు అనే మాటను మా కంపెనీ నిఘంటువులోంచి కొట్టేసింది. కూర్చుని అమ్మేవాడు దేశానికి బరువు. శ్రమించి కొనేవాడే జాతికి వెన్నెముక!”

మండపం చప్పట్లతో అదిరిపోయింది. కంపెనీ పేరు మహాకొసరు డాట్ కామ్. ఏ వస్తువు కావాలన్నా దాని వెబ్‌సైట్‌లోనే కొనాలి. కొన్నదాంట్లో కొంత మనకు వాపసు వస్తుంది. మనం ఇద్దర్ని చేర్పిస్తే వాళ్లు కొన్నదాంట్లోనూ కొంత వస్తుంది. వాళ్లు మరో ఇద్దరిద్దర్ని చేర్పిస్తే ఇక చెప్పనక్కర్లేదు. మన కింద ఒక పక్క చేరినవాళ్లంతా మన ఎడమకాలు, రెండో పక్క చేరినవాళ్లు కుడికాలు. రెండు కాళ్లూ సమానంగా పెరిగిననాడు డబ్బు చేతికొస్తుంది. అంతవరకూ అది పాయింట్ల రూపంలో కంప్యూటర్లో భద్రంగా ఉంటుంది. భద్రతకు లోటు రాకూడదని కంపెనీ దాన్ని ఎవరినీ తాకనిచ్చేది కాదు.

ఈశ్వరప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తూచి పోసిన చింతపండు మీద “ఇంకొంచెం ఎయ్యప్పా” అని కొసరు అడగని మనిషిని ఆయన బతుకులో చూడలేదు. అడిగినవాళ్లను లోపల తిట్టుకుంటూ, పైకి నవ్వుతూ, చిటికెడు వేస్తూ ఇంతకాలం నెట్టుకొచ్చాడు. ఇప్పుడు లోకమే తనకు కొసరు వేస్తానంటూ ఉంటే, ఇన్నేళ్లూ తక్కెడకు తప్పు పక్కన నిలబడ్డానే అని నిజంగానే బాధపడ్డాడు.

“ఇదో మే, ఇంగ మనం మన అంగట్లో కొనకూడదు,” అన్నాడు ఇంటికొచ్చి.

“మన అంగట్లో మనమెప్పుడు కొన్నామయ్యా? ఎత్తుకుంటాండాము కదా,” అంది యశోదమ్మ.

“అదే తప్పు. ఎత్తుకుంటే కొసరొస్తాదా?”

యశోదమ్మ ఆ పూట సంగటిలోకి పప్పు కూడా అంగట్లోంచి ఎత్తుకునే వచ్చింది.

ఈశ్వరప్ప కొనడం మొదలుపెట్టాడు. మొదట నడుముకు కట్టుకునే కరెంటు పట్టీ వచ్చింది. కడితే పొట్ట కరుగుతుందని రాసి ఉంది. కట్టుకుంటే మనిషంతా వణికేవాడు. కరెంటు కోతల పుణ్యాన మధ్యమధ్యలో స్థిమితంగా ఉండేవాడు. తరవాత రొట్టెలు కాల్చే యంత్రం వచ్చింది. సంగటి తప్ప రొట్టె ఎరగని ఇంట్లో అది దేవుడి పటాల పక్కన గౌరవంగా కూర్చుంది. ఆ తరవాత ఇంటికి అవసరమైనవే కొనాలన్న వివేకం కలిగి కందిపప్పుకు దిగాడు. అంగట్లో కందిపప్పు మూటలను దాటుకుంటూ ఇంటర్నెట్ సెంటరుకు పోయి, అక్కడ గంటకింతని కట్టి, కందిపప్పుకు ఆర్డరు పెట్టేవాడు. కంపెనీ వెల అంగడి వెల కన్నా ఎక్కువే. వెల ఎక్కువైనకొద్దీ వాపసూ ఎక్కువ కాబట్టి అది చవక కిందికే వస్తుంది.

ఎడమకాలు పెంచడం ఆయనకు కష్టం కాలేదు. అంగడికి వచ్చినవాళ్లనల్లా “యాలప్పా ఈడ కొని చెడిపోతారు? కంపెనీలో కొనండి” అని చేర్పించాడు. తూకంలో ఏనాడూ మోసం చేయని మనిషి మాట గనక అందరూ నమ్మారు. బజారు వీధిలో ఏ పోటీ అంగడీ చేయలేని పనిని ఈశ్వరప్ప ఒక్కడే చేశాడు. దీపావళి నాటికి ఆయన అంగట్లో గిరాకీ లేదు, ఎడమకాలు మాత్రం పలమనేరు దాటింది.

చిక్కల్లా కుడికాలితోనే. దానికోసం మదనపల్లెలో జయరత్నం ఇంటికి వెళ్లాడు. జయరత్నం మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన పెద్దాయన. చిన్నప్పుడు ఈశ్వరప్ప చెయ్యి విరిగితే కట్టు కట్టింది ఆయనే.

“ఏమప్పా, ఇంత దూరం వచ్చినావు?” అన్నాడు జయరత్నం.

“ఏం చెప్పేది సార్! ఎడమకాలు గుర్రం మాదిరి పోతాండాది. కుడికాలే పెరగలేదు.”

జయరత్నం కళ్లద్దాలు పెట్టుకున్నాడు. “ఎప్పట్నుంచి?”

“చేరినప్పట్నుంచీ అంతే సార్.”

“నొప్పి ఉండాదా?”

“ఉండదా సార్? కూడు గూడా సయించడం లేదు.”

“పంచె పైకెత్తు, సూస్తాను.”

పెద్ద సర్వీసు చేసినవాళ్లు ఏదైనా పరిశీలించిగానీ చేరరనుకుని ఈశ్వరప్ప పంచె ఎత్తాడు. జయరత్నం మోకాలు నొక్కి చూసి, రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టించి, నిట్టూర్చాడు. ఆయన భార్య మేరమ్మ లోపలినుంచి వేడినీళ్లు తెచ్చి కాపడం పెట్టింది.

“దీనికేం మందప్పా?” అన్నాడు జయరత్నం.

“మందేం లేదు సార్. మీరు చేరి, మీ పక్కోళ్లను నలుగుర్ని చేర్పిస్తే అదే పెరుగుతాది.”

వైద్యానికి చందా అడగలేక ఇలా చుట్టు తిప్పి చెబుతున్నాడని జయరత్నానికి అర్థమైంది. లోపలికెళ్లి డబ్బు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆదివారం చర్చిలో పుంగనూరు ఈశ్వరప్ప కుడికాలి కోసం ప్రార్థన జరిగింది. మెత్తని మనసులవాళ్లు ఒకరి వెనక ఒకరు చందా ఇచ్చి, తెలియకుండానే కంపెనీలో చేరారు. చేరినవాళ్ల ఇళ్లకు వణికే పట్టీలు వచ్చాయి. అవి కూడా వైద్యంలో భాగమేననుకుని కట్టుకున్నారు. కుడికాలు ఎంత వేగంగా పెరిగిందంటే, సంక్రాంతి లోపల ఎడమకాలు పొట్టిదైపోయింది. డబ్బు చేతికి రావడం మళ్లీ వాయిదా పడింది.

ఎడమకాలు సరిచేయడానికి కంపెనీ ఆయన్ను కుప్పం పంపింది. కుప్పం తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ సరేనని చెప్పగల ఊరు. శాంతిపురం, గుడుపల్లెల నుంచి కూడా జనం వచ్చారు. కంపెనీ ఈశ్వరప్పను డైమండ్ లీడరుగా ప్రకటించి, దండ వేసి, అద్దె కోటు తొడిగి, మైకు చేతికిచ్చింది.

“నేను మీ మాదిరే అంగడోడిని,” అన్నాడు ఈశ్వరప్ప. “కంపెనీ దయవల్ల ఈ పొద్దు అంగడి మూసుకునేంత ఎత్తుకు ఎదిగినాను. మీరూ ఎదగండి!”

తనకోసం అంత పెద్ద చప్పట్లు ఆయన ఎన్నడూ వినలేదు.

దండ వాడకముందే యశోదమ్మకు చూపించాలని మధ్యాహ్నం బస్సుకే బయలుదేరి పుంగనూరు చేరాడు. మూసి ఉండాల్సిన అంగడి తెరిచి ఉంది. లోపల నలుగురు ఆడవాళ్లు పొట్లాలు కడుతున్నారు. యశోదమ్మ ఒక్కొక్క పొట్లం మీద మహాకొసరు డాట్ కామ్ అన్న రంగు కాగితం అతికిస్తోంది.

“ఇదేందే?”

“కంపెనీ పప్పు.”

“కంపెనీ పప్పు మన అంగట్లో ఏం చేస్తాండాది?”

“పుడతాండాది,” అంది యశోదమ్మ.

సంగతేమిటంటే, కంపెనీకి మదనపల్లె నుంచి సరుకు సరఫరా చేసే బాధ్యత ఉమాశంకర్‌ది. బెంగళూరు నుంచి తెప్పిస్తే గిట్టుబాటు కాక అక్కను అడిగాడు. ఇంట్లో ఊరికే ఉన్న పప్పు, ఊరికే ఉన్న అక్క. మదనపల్లె, కుప్పం, పలమనేరు అంతా ఇప్పుడు తింటున్నది ఈ అంగడి పప్పే.

“అయితే ఇన్నాళ్లూ నేను ఆర్డరు పెట్టి తెప్పిస్తాండింది?”

“మనదే. ఈడ్నుంచి మదనపల్లెకు పోయి, మళ్లీ నీ పేరుతో ఈడికే వస్తాంది. నువ్వేమో కంపెనీ పప్పు రుచే వేరంటివి. నేను గమ్మునుంటిని.”

ఈశ్వరప్ప దండ తీసి మూటమీద పెట్టాడు. చివరికి వ్యాపారస్తుడు గనక అసలు విషయానికి వచ్చాడు.

“నీకు కొసరెంతిస్తాండారు?”

“నాకు కొసరెందుకయ్యా? అసలిస్తాండారు. రొక్కం.”

ఆమె అమాయకత్వానికి ఈశ్వరప్ప జాలిపడ్డాడు.

శివరాత్రి మర్నాడు వెబ్‌సైట్ తెరుచుకోలేదు. జాగారం చేసిందేమో, పొద్దెక్కితే లేస్తుందన్నారు. లేవలేదు. ఇంటర్నెట్ సెంటరు ముందు టెంకాయలు కొట్టారు. కంప్యూటరుకు నిమ్మకాయలు కట్టారు. ఉమాశంకర్ ఫోను మూగబోయింది. కోటు పెద్దమనిషికి ఏ ఊళ్లోనూ చిరునామా లేదని తేలింది. జనం ఈశ్వరప్ప అంగడి ముందు గుమిగూడారు. అందరూ ఆయన ముఖం చూసి చేరినవాళ్లే. ఆ ముఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. తిడితే బాగుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు. వెనకనుంచి జయరత్నం, మేరమ్మ తోసుకుంటూ వచ్చారు.

“మా దుడ్డు పోతే పోనీలే. నీ కాలెట్లుండాదప్పా?” అన్నాడు జయరత్నం.

ఈశ్వరప్ప అంగడి మెట్టుమీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. యశోదమ్మ బయటికొచ్చి, “పోండప్పా ఇంగ. రేపట్నుంచి ఎప్పటి మాదిరే ఈడనే కొనండి. తూకం తప్పదు,” అంది. జనం మెల్లగా కదిలారు. కథ ఇక్కడితో అయిపోయేదే. కానీ వారం తిరగకముందే ఉమాశంకర్ గడ్డం పెంచుకుని తిరిగొచ్చాడు. తాను కూడా మోసపోయాననీ, అందుకే మహాకొసరు బాధితుల సంక్షేమ సంఘం స్థాపించాననీ చెప్పాడు. ప్రారంభసభ మళ్లీ ఆ కల్యాణమండపంలోనే జరిగింది.

“సోదరులారా! మోసపోవడం అవమానం కాదు, అర్హత!” అన్నాడు ఉమాశంకర్. “సభ్యత్వ రుసుము కట్టండి. ఒక్కొక్క బాధితుడూ మరో ఇద్దరు బాధితులను తీసుకురండి. రేపు నష్టపరిహారం వచ్చాక మీవల్ల చేరిన వారి పరిహారంలో మీకు కొంత వాటా!”

అందరికన్నా ఎక్కువమందిని ముంచిన అనుభవం ఉన్నందున ఈశ్వరప్పను అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. వద్దు వద్దంటూనే ఆయన మళ్లీ అద్దె కోటు తొడుక్కున్నాడు. సభకు ఉప్మారవ్వ యశోదమ్మ అంగడి నుంచే వెళ్లింది, రొక్కానికి.

కొద్దిరోజుల్లోనే అన్ని ఊళ్లలోనూ చేర్చుకోవడానికి బాధితులు మిగల్లేదు. అధైర్యపడకుండా సంఘం అత్యవసర సమావేశం జరిపి, ఇంతవరకూ మోసపోని వారిని కూడా కాబోయే బాధితులుగా చేర్చుకోవాలని తీర్మానించింది. మర్నాడు పొద్దున మొట్టమొదట వచ్చినవాడు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైన సుబ్బరాయుడు. మహాకొసరు శుద్ధ మోసమని మొదటి రోజునుంచీ పుంగనూరు టీ అంగళ్లన్నిట్లో చెబుతూ వచ్చిన ఏకైక మేధావి ఆయన. ఈశ్వరప్ప సిగ్గుతో లేచి నిలబడ్డాడు.

“కూర్చో అప్పా, కూర్చో,” అన్నాడు సుబ్బరాయుడు, రుసుము బల్లమీద పెడుతూ. గొంతు తగ్గించి అడిగాడు: “నేను ఆ పొద్దే చెప్తిని కదా, ఇది మోసమని. ముందే తెలిసినోళ్లకు ఏమైనా కొంచెం ఎక్కువిస్తారా?”

సంఘం ఈ విన్నపాన్ని సానుభూతితో పరిశీలించి, ముందే తెలిసినవారికి ప్రత్యేక సభ్యత్వం మంజూరు చేసింది. ఇంతవరకూ చదివి, లోలోపల నవ్వుకుంటున్న మీవంటివారి కోసం మండపంలో ముందు వరుస కుర్చీలన్నీ ఖాళీగా అట్టిపెట్టారు.