రెండో కుట్టు

ఆ సోమవారం ఉదయం టైలరు వేసుకున్న ప్లాను జానెడంత కూడా లేదు. పదింటికి స్కాలర్‌షిప్పు ఆఫీసులో కూతురి దరఖాస్తు ఇవ్వడం, దారిలో నల్లదారం రెండు రీళ్ళు కొనడం, పదకొండింటికల్లా తిరిగొచ్చి మిషను ముందు కూర్చోవడం. అంతే. ఇంత చిన్న పనిని చెడగొట్టాలంటే మనిషికి కొంత ప్రజ్ఞ ఉండాలి. ఆయనకు దండిగా ఉంది.

కూతురికి గణాంక శాస్త్రంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. రెండేళ్ళ ఫీజూ హాస్టలూ ప్రభుత్వమే భరిస్తుంది గాని, ఒక షరతు: పూర్తికాలం చదువుకోవాలి, ఎక్కడా ఉద్యోగం చెయ్యకూడదు. స్కాలర్‌షిప్పు వస్తే చదువు, రాకపోతే తండ్రి కొట్లో కాజాలు. పదో తరగతి నుంచీ ఆ కొట్లో ప్రతి చొక్కాకీ ప్రతి కోటుకీ బొత్తాం దూరే కాజాలు కుట్టేది ఆ పిల్లే. ఫారంలో "ప్రస్తుతం ఉద్యోగం చేయుచున్నారా?" అన్నచోట "లేదు" అని రాసి, సంతకం పెట్టి, కవరు తండ్రి చేతికిచ్చింది. గడువు శుక్రవారం.

"నాన్నా, కవరు కిటికీలో ఇచ్చి రసీదు తెచ్చుకో. ఇంకేం చెయ్యకు."

"నాకు తెలీదా ఏంటి?"

"నీకన్నీ తెలుసుగా, అదే నా భయం."

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. టైలరు ఏ కుట్టునీ ఒక్కసారి వేసి ఊరుకోడు. దాని మీద రెండో కుట్టు పడాల్సిందే. ఆయన కుట్టిన ప్యాంటు జేబు ఒకతనికి బస్సు తలుపు గొళ్ళేనికి తగులుకుంటే, తలుపు ఊడి అతని వెనకే ఇంటిదాకా వచ్చిందిగాని జేబు ఊడలేదట. తలుపు సంగతి నాకు తెలీదు. జేబు మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది.

ఆఫీసు మెట్ల దగ్గరికి వెళ్ళాక టైలరుకి కవరు తేలిగ్గా తోచింది. "లేదు" అన్నది ఒంటికుట్టు మాట. రేపెవరైనా వచ్చి, మీ అమ్మాయి మిషను మీద కనబడిందే అంటే? మెట్లకింద కంప్యూటరు పెట్టుకుని కూర్చున్న టైపిస్టు దగ్గరికి వెళ్ళాడు.

"మా అమ్మాయిని పనిలోంచి తీసేసినట్టు ఒక ఉత్తరం కావాలయ్యా. గట్టిగా ఉండాలి."

"గట్టిది తయారుగానే ఉంది మాస్టారూ. పేరు మార్చడమే."

ఆ ఉత్తరం నిజానికి ఎవరో గోదాము వాచ్‌మన్‌ని తీసేసినప్పటిది. అందులో మూడు నేరాలున్నాయి: పైవారికి ఎదురు మాట్లాడుట, పని వేళలో నిద్రించుట, గేటు తెరిచి ఉంచి రెండు లారీలను పోనిచ్చుట. టైలరు నిదానంగా చదివాడు. మొదటిది నిజమే. రెండోదీ నిజమే, మధ్యాహ్నం భోంచేశాక ఆ పిల్ల ఎవరి కోటు మీదో తల పెట్టి అరగంట కునుకు తీస్తుంది. మూడోదాని దగ్గర ఆగాడు.

"మా కొట్టుకి గేటే లేదయ్యా."

"లారీలు తీసేస్తే ఉత్తరానికి బలం పోతుంది మాస్టారూ. ఆపైన మీ ఇష్టం."

బలం పోతుందన్నాక ఆయన ఇష్టానికి దిక్కేముంది? కొట్టు ముద్ర రెండుసార్లు వేసి, ఉత్తరాన్ని కవర్లో దూర్చి, కిటికీలో ఇచ్చేసి, రసీదుతో పాటు నల్లదారం కూడా మర్చిపోకుండా తెచ్చుకున్నాడు.

బుధవారం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కూతురే ఎత్తింది. చెడు ప్రవర్తన వల్ల ఉద్యోగంలోంచి తొలగించబడ్డారు గనక దరఖాస్తు ఆపామనీ, పాత యజమాని దగ్గర్నుంచి మంచి ప్రవర్తన పత్రం తెమ్మనీ ఒక ఆడగొంతు ప్రశాంతంగా చెప్పింది. అమ్మాయి ఫోను పెట్టేసి పాత యజమాని వైపు చూసింది. ఆయన సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటిస్తున్నాడు. సూది లేదు.

"నాన్నా, లారీలేంటి?"

సంగతంతా బయటపడేసరికి లోపల్నుంచి తల్లి కూడా వచ్చింది. చెయ్యి తుడుచుకుంటూ మొత్తం విని, మొగుడి ఎదురుగా నిలబడింది.

"దాన్ని తీసేశారా? అయితే నన్నూ తీసెయ్యండి. నాది ఇరవై ఆరేళ్ళ సర్వీసు."

"నిన్నెలా తీస్తానే?"

"ఏముంది, గేటు తెరిచి వదిలేశానని రాయించండి."

గురువారం టైలరు తప్పు దిద్దడానికి బయల్దేరాడు. ఆయన దిద్దుబాటంటే తెలిసిందేగా, దాని మీద ఇంకో కుట్టు. అమ్మాయి గుణవంతురాలనీ, జరిగినదానికి చింతిస్తూ ఆమెను గౌరవంగా తిరిగి పనిలోకి తీసుకున్నామనీ టైపిస్టు చేత రెండో ఉత్తరం కొట్టించి, ఈసారి కిటికీలో ఇవ్వకుండా సరాసరి అధికారిణి గదిలోకే పట్టుకెళ్ళాడు. ఆవిడ గొంతు పెంచడం ఎరగని మనిషి. గొలుసు కళ్ళజోడు, బల్ల మీద వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. ఉత్తరం చదివి పక్కన పెట్టింది.

"తిరిగి పనిలోకి తీసుకున్నారా?"

"గౌరవంగా తీసుకున్నానమ్మా!"

"అయితే ఆమె ఉద్యోగి. ఉద్యోగులకి స్కాలర్‌షిప్పు రాదు. నిన్న గుణం చాల్లేదు, ఇవాళ తీరిక చాల్లేదు."

"అమ్మా, నేను దాని తండ్రిని!"

"ఈ కాగితాల్లో తండ్రి ఎక్కడా లేడండీ. యజమానే ఉన్నాడు."

టైలరు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కాడు. ఈసారి చేతిలో ఉన్నది కూతురు రాజీనామా చేస్తున్నట్టు ఉత్తరం. అందులో ఆఖరి వాక్యం టైపిస్టు సొంత కానుక: నిబంధనల ప్రకారం నెలరోజుల నోటీసు ఇస్తున్నాను.

"సరే, నెల తర్వాత ఖాళీ అవుతుంది," అంది అధికారిణి. "గడువు రేపటితో సరి."

ఆ మధ్యాహ్నం కొట్లో మిషను చప్పుడు లేదు. జరిగింది కూతురు వింది. యూనివర్సిటీ వాళ్ళు పంపిన సీటు కాగితాన్ని మడిచి, కొలతల పుస్తకంలో పెట్టి, దారం ఎక్కించి, పక్కనున్న కోటు తీసుకుని కాజాలు మొదలుపెట్టింది. నాలుగు తిట్టినా బాగుండుననుకున్నాడు టైలరు. కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడుగాని ఏమీ కత్తిరించలేదు.

శుక్రవారం ముగ్గురూ వెళ్ళారు. టైలరు మెట్లకింద టైపిస్టు వైపు ఓసారి చూశాడు. తల్లి ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. అధికారిణి మూడు ఉత్తరాల్నీ బల్ల మీద పరిచి, ఈసారి అమ్మాయిని కూర్చోమంది.

"ఈ ఉద్యోగం మీకెప్పుడిచ్చారు? కాగితం ఉందా?"

"లేదండీ. బడి నుంచి రాగానే సూది చేతికిచ్చారు."

"హాజరు పట్టీ?"

"మా ఇల్లు కొట్టు వెనకేనమ్మా," అన్నాడు టైలరు. "ఎక్కడికి పోతుందని హాజరు?"

"జీతం?"

టైలరు పైకప్పు వైపు చూశాడు. పెళ్ళాం కూడా అటే చూసింది, అక్కడేమన్నా రాసుందేమోనని. చివరికి ఆయనే అన్నాడు. "అది అడగలేదు. నేనూ..."

"తిట్లు మాత్రం టైముకి ఇచ్చేవారండీ," అంది కూతురు.

"తిట్లు ఆదాయం కిందికి రావు. మరి లారీలు?"

"గేటే లేదు తల్లీ!" అన్నాడు టైలరు. మూడు రోజుల్లో ఆయన పలికిన మొదటి ఒంటికుట్టు మాట అది.

అధికారిణి ఎర్రసిరా పెన్ను తీసి మూడు ఉత్తరాల మీదా మూడు గీతలు కొట్టింది. "పుట్టని ఉద్యోగానికి ఇన్ని కాగితాలా? జీతం లేకుండా ఇంటి వృత్తిలో సాయం చేస్తే అది ఉద్యోగం కాదు. ఫారం వెనకే రాసుంది. అమ్మాయి రాసిన 'లేదు' ఒక్కటే సరిపోయేది."

"ఆ మాట నిన్ననే చెప్పకూడదా అమ్మా?"

"నిన్న మీరు యజమానిగా వచ్చారు."

దరఖాస్తు మీద మంజూరు ముద్ర ఒక్కసారి పడింది. ఇంకోసారి వెయ్యమని అడగడానికి టైలరు నోరు తెరిచాడు. కూతురు కాలు తొక్కింది. తొక్కి, ఆ కాలు అలాగే ఉంచి, బుధవారం తర్వాత మొదటిసారి నవ్వింది.

అందరూ లేచారుగాని తల్లి లేవలేదు.

"నాకో సందేహమమ్మా. జీతం లేకుండా ఇంట్లోవాళ్ళకి చేస్తే ఉద్యోగం కాదన్నారు కదా?"

"అవును."

"అయితే ఇరవై ఆరేళ్ళుగా నేను ఖాళీగా ఉన్నట్టేనా?"

అధికారిణి ఫ్లాస్కు మూత తీసి, గుక్కెడు నీళ్ళు తాగి, మూత బిగించింది.

"డిగ్రీ ఉందా మీకు?"

"పెళ్ళికి ముందే అయింది."

ఆవిడ సొరుగు లాగి ఖాళీ ఫారం ఒకటి తీసి ముందుకు జరిపింది. "ముందు సీటు తెచ్చుకోండి. వచ్చే ఏడాదికీ ఫారం ఇదే. వయసు అడిగే గడి ఇందులో లేదు."

తల్లి ఆ ఫారాన్ని మడత పడకుండా సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం నుంచి టైలరు కాజాలు తనే కుట్టుకుంటున్నాడు. తాగిన టీ గ్లాసు కూడా తనే కడుక్కుంటున్నాడు, రెండుసార్లు.