ఐదు బీగాల వ్యాను

ఆ మంగళవారం పొద్దున గఫూర్ సాబ్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరింటికి చాయ్ తాగాలి. ఏడింటికి సావుకారు వెంకటకృష్ణయ్య అంగడి ముందు దూది మూటలు ఎక్కించుకోవాలి. పదింటికల్లా ఎమ్మిగనూరు మైదానంలో బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు వ్యాను నిలబెట్టి, బండి నడవడానికి పనికొస్తుందనే ఎఫ్.సి. కాగితం మీద ముద్ర వేయించుకోవాలి. మధ్యాహ్నం నమాజుకు ఆదోని చేరాలి. ఇందులో ఎవరికీ అపకారం లేదు. అయినా తాను ప్రశాంతంగా బతకడం ఈ లోకానికి గిట్టదని గఫూర్ సాబ్ గట్టి నమ్మకం. పాతికేళ్లుగా ఆ వ్యాను నడుపుతున్నాడు కనుక ఆ నమ్మకానికి సాక్ష్యాలు కూడా బోలెడున్నాయి.

ఆ వ్యాను దేశానికి స్వతంత్రం రాకముందే ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చింది. ఎవరో మిల్లు దొర దాన్ని వాడుకున్నంత కాలం వాడుకుని, తన దేశం పోతూ వేలం వేస్తే గఫూర్ సాబ్ పాడుకున్నాడు. గుండ్రటి ముక్కు, ఉబ్బుకళ్ల లైట్లు, చెక్క చట్రం. 1979లో అలాంటిది ఆదోనిలో ఇంకొకటి లేదు. లారీ డ్రైవర్లు దాన్ని చూసి నవ్వేవారు. వానాకాలం హాలహర్వి దారిలో అదే లారీలు నల్లరేగడిలో దిగబడితే గొలుసు కట్టి బయటికి లాగింది ఈ ముసలి బండేనని మాత్రం ఒక్కడూ చెప్పడు.

నవ్వేవాళ్లను భరించవచ్చు. సలహాలిచ్చేవాళ్లతోనే చావు. మొదటి సలహా వెంకటకృష్ణయ్యది. వారం వారం ఆయన దూదిని ఎమ్మిగనూరు చేర్చడమే గఫూర్ సాబ్ బతుకుతెరువు. ఈ మధ్య రైలు గేటు దగ్గర బండి ఆగినప్పుడల్లా వెనకనుంచి ఎవరో ఒక మూట దించుకుంటున్నారు.

"గఫూరూ, నీ బండి తలుపులు ఉండీ లేనట్టే. బీగాలెయ్యి. ఇంకొక్క మూట పోయిందంటే సరుకు లారీకిచ్చేస్తా, నన్ను అనొద్దు" అన్నాడు సావుకారు.

ఆ సీమలో తాళాన్నీ, తాళంచెవినీ కూడా బీగమనే అంటారు. గఫూర్ సాబ్ ఒకటి కాదు, నాలుగు బీగాలు వేయించాడు. వెనక తలుపుకు అడ్డంగా ఇనుప పట్టీ, దానికొకటి. ముందు తలుపులు రెండింటికీ తోస్తే వాటంతటవే పడే బీగాలు. ఇంజను మూతకు ఒకటి. కిటికీలకు కమ్మీలు. సావుకారు చూసి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు వారం రోజులు నిలవలేదు. దారిలో బండి ఆపిన బ్రేకు ఇన్‌స్పెక్టరు హనుమంతరాయుడు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఇదేం వ్యానయ్యా, సబ్‌జైలా? మోసేది దూది. నిప్పంటుకుంటే ఎట్లా బయటపడతావు? తలుపులన్నీ ఒక్క తోపుకు తెరుచుకోవాలి. మంటలార్పే సిలిండరు ఉండాలి, ఇసుక బకెట్టు ఉండాలి. మంగళవారం ఎమ్మిగనూరులో మా క్యాంపు. ఆ రోజుకు ఇవన్నీ లేకపోతే బండిని పాత ఇనుముకు రాసేస్తా."

"ఒక్క తోపుకు నాకు తెరుచుకునే తలుపు దొంగకూ తెరుచుకుంటాది గదా సార్?"

"దొంగల సంగతి పోలీసులు చూసుకుంటారు. నాది నిప్పు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒకాయన మాట వింటే బండి పోతుంది, ఇంకొకాయన మాట వింటే బండిలోకి సరుకు రాదు. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్లే, ఇద్దరూ తన మంచికే చెబుతున్నారు. గఫూర్ సాబ్‌కు ఒళ్లు మండిపోయింది. అయినా మంటలార్పే సిలిండరు కొని, అందరికీ అందేటట్టు బండి బయటే తగిలించాడు. సాయంత్రానికి తగిలించిన కొక్కెం ఒక్కటే మిగిలింది. రెండో సిలిండరు కొని లోపల పెట్టి, గొలుసు చుట్టి, దానికీ బీగం వేశాడు. అది ఐదోది.

చివరికి ఆయనే ఒక మధ్యేమార్గం కనిపెట్టాడు. దారి పొడుగునా సావుకారు మాట, మైదానంలో ఇన్‌స్పెక్టరు మాట. అంటే ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఐదు బీగాలూ పడి ఉంటాయి. బండి మైదానంలో ఆగగానే ఐదూ తీసేస్తాడు. ముద్ర పడగానే మళ్లీ వేసేస్తాడు.

పొద్దున్నే ఆయన భార్య లాలాబీ తన వంతు రక్షణ కూడా కలిపింది. నిప్పుల మీద సాంబ్రాణిలాంటి లోబాను వేసి, ఆ పిడతను తెచ్చి ముందు సీటు దగ్గరున్న ఇసుక బకెట్టులో కుదురుగా నిలబెట్టింది.

"దూది బండిలో నిప్పేందే?" అని అరిచాడు గఫూర్ సాబ్.

"ఇసకలో పెట్టినాను గదా, మున్వర్ అబ్బా! నిప్పుకు ఇసకే గదా మందని ఆ ఆఫీసరు సెప్పినాడంటివి? లోబాను పొగుంటే దిష్టి తగలదు. ముద్ర పడేదాకా తియ్యొద్దు" అంది లాలాబీ. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమెతో వాదించి గెలిచిన దాఖలా లేదు కనుక ఆయన బండి ఎక్కాడు.

అంగడి దగ్గర ఇంకొక సలహా కాచుకుని ఉంది. సావుకారు కూతురికి కొత్తగా హాలహర్వి సంబంధం కుదిరింది. వియ్యంకులిద్దరూ, వెంకటేశులు శెట్టి, ఆయన భార్య రుక్మిణమ్మ, పెళ్లి చీరలు చూడటానికి ఎమ్మిగనూరు పోవాలి. కన్నడం కలిసిన ఆ పొలిమేరలో వియ్యంకుల్ని బీగర్లు అంటారు. బీగమైనా బీగరైనా ఒకసారి పట్టుకుంటే వదలకపోవడం ఒకటే తీరు.

"మా బీగర్లు ఫలారం సేస్తాండారు. నీ ముందు సీట్లో కూసోబెట్టుకోని జాగర్తగా తీసుకురా. నేను ముందు బస్సులో పోయి సీరల అంగడి కాడుంటా" అని చెప్పి సావుకారు వెళ్లిపోయాడు.

బీగర్లు ఫలహారం ముగించి తీరిగ్గా బయటికి వచ్చారు. వెంకటేశులు కిటికీ కమ్మీలు చూశాడు. వెనక ఇనుప పట్టీ చూశాడు. లోపలినుంచి సన్నగా వస్తున్న పొగ కూడా చూశాడు.

"బ్యాడప్పా, బ్యాడ! వద్దే వద్దు! పెండ్లి కాకముందే మమ్మల్ని జైలు బండి ఎక్కిస్తాడా మా బీగుడు? కమ్మీల ఎనకాల కూసోని ఊర్లో దిగితే సంబంధం నిలుస్తాదా?" అని భార్యను వెంటబెట్టుకుని బస్టాండు దారి పట్టాడు. దొర ఎక్కిన బండి ఈయనకు పనికిరాలేదు! గఫూర్ సాబ్ కోపంతో గేరు మార్చాడు. ఆ కోపం ఎమ్మిగనూరు పొలిమేర దాకా తగ్గలేదు.

మైదానంలో బండి ఆపాడో లేదో "గఫూర్ సాబ్ ఎవరయ్యా?" అని కేక వినబడింది. ఒంటిగంటకు క్యాంపు ఎత్తేస్తారు. మళ్లీ మూడు నెలలకు గానీ రారు. ఆయన కాగితాలు చేతబట్టుకుని గబుక్కున దిగి, పాతికేళ్ల అలవాటు కొద్దీ తలుపు వెనక్కి తోశాడు. టక్కుమంది. ఐదు బీగాల చెవులూ ఒకే గుత్తిలో ఉన్నాయి. ఆ గుత్తి లోపల ఇంజను చెవితో పాటు వేలాడుతోంది. బయట గఫూర్ సాబ్ కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. కమ్మీలను ఊపి చూశాడు. పనితనం ఎంత బాగుందో ఆయనకు మొదటిసారి తెలిసింది.

ఎదురుగా రంగమ్మ చాయ్ అంగడి ఉంది. అటు తిరిగి అరిచాడు. "రంగమ్మా, ఒక తీగుంటే ఇయ్యమ్మా! బీగాలు లోపల ఉండిపోయినాయి!"

రంగమ్మ స్టవ్వు బుస్సుమంటోంది. తీగ వెతుకుతూ ఆమె పక్కనున్న ఉల్లిగడ్డల బండివాడికి చెప్పింది. "గఫూర్ సాబ్ బీగాలు లోపల ఉండిపోయినాయంట."

ఉల్లిగడ్డలవాడు వ్యాను వైపు చూశాడు. మూసిన అద్దాల లోపల లోబాను పొగ దట్టంగా కమ్ముకుని ఉంది. వాడు గాజుల మలారం దింపుకున్న ఆయనతో అన్నాడు. "గఫూర్ సాబ్ వ్యానులో ఎవురో ఉండిపోయినారంట. పొగ సూడు!"

"ఎవురంట?"

"బీగర్లో ఏమో అనె రంగమ్మ."

మాట మైదానం దాటి చీరల అంగడి చేరేసరికి అందులో అనుమానం ఏమీ మిగలలేదు. గఫూర్ సాబ్ వ్యాను అంటుకుంది, లోపల బీగర్లు చిక్కుకున్నారు. వెంకటకృష్ణయ్య చేతిలోని పట్టుచీర కింద పడేసి, మండీలోని హమాలీలను నలుగురిని గడ్డపారలతో సహా వెంటబెట్టుకుని పరుగున వచ్చాడు.

అప్పటికి గఫూర్ సాబ్ కిటికీ సందులో తీగ దూర్చి, తలుపు గడియను దాదాపు పట్టుకున్నాడు. ఇంకొక్క నిమిషం ఓపిక పట్టి ఉంటే ఈ కథే లేదు.

"పగలగొట్టండిరా!" అని అరిచాడు సావుకారు.

"ఆగు సావుకారీ! ఏమీ కాలేదు!"

"ఏమీ కాలేదా? మా బీగర్లు లోపల ఉడికిపోతాంటే ఏమీ కాలేదంటావా పాపిష్టోడా?"

"బీగర్లు కాదు, బీగాలు!"

"అదే గదా నేనూ సెప్తాండేది!"

మొదటి దెబ్బ వెనక పట్టీ మీద పడింది. గఫూర్ సాబ్ ఆ శబ్దానికి తన పక్కటెముక విరిగినట్టు గిలగిల్లాడాడు. "ఒరేయ్, అది నిప్పు కాదురా! లోబాను! లోబాను!"

"లోపలే అంట! ఆయనే సెప్తాండాడు, కొట్టండి!" అని జనం ఎగబడ్డారు. గుండెలు బాదుకుంటూ సావుకారు స్వయంగా కమ్మీలు పట్టి లాగాడు. ఏ బీగాలను బిగించమని నెల రోజులు ప్రాణం తీశాడో ఆ బీగాలను ఇప్పుడు తిట్టినతిట్టు తిట్టకుండా తిడుతున్నాడు. "ఎవడు ఏపిచ్చినాడురా ఇన్ని బీగాలు? మనిసా, పశువా?"

ఈ గొడవలోనే హాలహర్వి బీగర్లు బస్సు దిగి చీరల అంగడికి పోతూ గుంపును చూసి ఆగారు.

"ఏమాయప్పా?" అని అడిగాడు వెంకటేశులు.

"ఎవరో సావుకారి బీగర్లంట. ఆలుమగలిద్దరూ లోపల చిక్కినారు పాపం."

రుక్మిణమ్మ ఆ ఇల్లాలి రాతకు అక్కడే కళ్లు తుడుచుకుంది. వెంకటేశులు జాలిగుండె కలవాడు. గుంపు కమ్ముకున్న ఆ బండి పొద్దున తాను వద్దన్నదేనని పోల్చుకోలేదు. పంచె ఎగ్గట్టి, అలసిపోయిన హమాలీ చేతిలోంచి గడ్డపార లాక్కున్నాడు. "జరగండప్పా! యా ఊరోళ్లో ఏమో, పెండ్లి ఇంట్లో ఇట్ల కావల్నా!" అంటూ బలం కొద్దీ ఒకటి వేశాడు. వెనక తలుపు చట్రంతో సహా ఊడి నేల మీద పడింది. అవతలి పక్కనుంచి కమ్మీలు పెరికి లోపలికి దూరిన వెంకటకృష్ణయ్య, పొగలో దగ్గుతూ దూది మూటలు తోసుకుంటూ, సరిగ్గా అదే గుమ్మం దగ్గర తల బయటపెట్టాడు. బీగుడూ బీగుడూ మూరెడు దూరంలో ముఖాముఖాలు చూసుకున్నారు.

"నువ్వు లోపల లేవా?" అన్నాడు సావుకారు.

"నేనా? లోపలుండేది నువ్వా?" అన్నాడు వెంకటేశులు.

పొగ బయటికి పోయింది. ఇసుక బకెట్టులో లోబాను పిడత ఏ కల్మషమూ లేకుండా సువాసన వెదజల్లుతోంది. దాని పక్కన మంటలార్పే సిలిండరు గొలుసుతో బందోబస్తుగా ఉంది. దాని జోలికి ఎవరూ పోలేదు.

జనాన్ని తోసుకుంటూ హనుమంతరాయుడు వచ్చాడు. ఆయన్ని చూడగానే గఫూర్ సాబ్‌కు నెల రోజులుగా అణచుకున్న కోపం ఒక్కసారిగా కట్ట తెంచుకుంది.

"రండి సార్, సూడండి! దొంగ రాకూడదని ఈయన బీగాలేపిచ్చె. నేను సావకూడదని మీరు బీగాలు తియ్యమంటిరి. మీరిద్దరూ ఒక్కనాడన్నా ఎదురుబొదురు కూసోని మాట్లాడుకున్నారా? మధ్యన నన్ను పెట్టి ఇద్దరూ సెరొక పక్క లాగితిరి. పాతికేండ్లాయ సార్, ఈ బండి ఒక్క మూట కాల్సలేదు. ఒక మనిసిని గాయపరసలేదు. నా కొడుకు మున్వర్ పుట్టినప్పుడు లాలాబీని ఆస్పత్రికి తోలకపోయింది ఇదే. దొంగలు తీసకపోయింది మూటలు సార్. మంచోళ్లు వచ్చి తలుపులే తీసకపోయిరి! రాసుకోండి, పాత ఇనుముకు రాసుకోండి!" ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల మాత్రం కాదు.

ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ మెల్లగా నడిచాడు. వెనక తలుపు లేదు. ముందు తలుపొకటి ఒంటి బందు మీద వేలాడుతోంది. కమ్మీలన్నీ పక్కకు వంగి ఉన్నాయి. బకెట్టు దగ్గర ఆగి ముఖం చిట్లించాడు.

"ఇసుక బకెట్టులో నిప్పేమిటి?"

"నిప్పు ఇసకలోనే ఉండాల గదా సార్. మీ రూలే."

హనుమంతరాయుడు బకెట్టును బూటుతో ఓ పక్కకు జరిపాడు. తర్వాత కాగితాలు చేతికి తీసుకున్నాడు. "తలుపులు ఒక్క తోపుకు తెరుచుకోవాలన్నాను. ఇప్పుడు ఆ తోపు కూడా అక్కర్లేదు. సిలిండరుంది, ఇసుకుంది, ఏ పక్కనుంచైనా దూకొచ్చు. బ్రేకులు బాగుంటే నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. బ్రేకులు బాగున్నాయి. పావుగంటలో ముద్ర పడింది. గఫూర్ సాబ్ ఆ కాగితాన్ని తిట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

ఈలోగా అసలు అన్యాయం ఇంకొకటి జరిగిపోతోంది. వెంకటేశులు సావుకారి రెండు చేతులూ పట్టుకుని కంటతడి పెట్టుకున్నాడు. "మాకోసమని పొగలోకి దూరినావా బీగా! ఇంత ప్రేమ నేను యాడా సూడలేదు!" సావుకారు వినయంగా తల వంచుకుని ఆ పొగడ్తనంతా తీసుకున్నాడు. బండి పోయినవాడు పక్కనే నిలబడి ఉంటే, పగలగొట్టినవాడికి సన్మానం! గఫూర్ సాబ్ పళ్లు కొరుకుతుండగా వెంకటేశులు ఆయన భుజం తట్టాడు. "నువ్వేం బాధపడొద్దప్పా. కొత్త తలుపులు మా బీగుడు ఏపిస్తాడు. ఆయన మనసేందో ఈ పొద్దు కండ్లారా సూసినా. ఏం బీగా?"

కొత్త వియ్యంకుడి ముందు, అంత మంది జనం మధ్య, వెంకటకృష్ణయ్య నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది. "దానికేముండాదిలే" అన్నాడు.

వడ్రంగి కొత్త తలుపులు చేసి ఇవ్వడానికి రెండు నెలలు పట్టింది. అంతవరకూ వ్యాను వారం వారం దూది వేసుకుని, వెనక వైపు బార్లా తెరుచుకునే ఉండి, ఆదోని రైలు గేటు దగ్గర ఆగుతూ వచ్చింది. ఒక్క మూట కూడా పోలేదు. తలుపులు కూడా లేని బండిలో దోచుకునేంత సరుకేముంటుందని దొంగలు అటు తిరిగి చూడలేదు.