పోలికల ఉపసంఘం ముందు నీలి మచ్చ

బొమ్మ దేన్నీ పోలి ఉండకపోవడం పౌరుల హక్కే గాని, దానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. మిన్నెసోటాలో గడ్డకట్టిన సరస్సు పక్కనున్న టోర్స్‌బీ ఊరి నిబంధన ఇది. ఆ హక్కు ఇవాళ ఉదయం పదింటికి ఊరి గ్రంథాలయంలో బోనెక్కింది. ఆర్విల్ స్టెన్‌రుడ్ ముప్పయ్యేళ్లుగా రోజుకో దారిన వెళ్లి, భార్యకు కూడా చెప్పకుండా చేపలు పట్టుకునే చోట, మంచు మీద ఒక్క వారంలో చేపలు పట్టేవాళ్ల గుడిసెలు నలభై వెలిశాయి.

"నా చోటుని ఈవిడ గోడకెక్కించింది," అన్నాడు ఆర్విల్.

గ్రంథాలయంలో నైరూప్యాల గోడకు తగిలించిన ఆ బొమ్మ వేసింది సోల్వేగ్ టోలెఫ్‌సన్. ఆమె ముందు కిటికీలోంచి కనిపించిందంతా ఉన్నదున్నట్టు గీస్తుంది. తర్వాత అదేమిటో తెలియకుండా పోయేదాకా రంగుల కత్తితో గీకేస్తుంది. ఈ బొమ్మను గీకడానికే రెండేళ్లు పట్టింది. నైరూప్యం కాదు, రూపచిత్రమే అని తేలితే మధ్యాహ్నానికల్లా గోడ దిగుతుంది. (రూపచిత్రాల గోడ బాతుల బొమ్మలతో నిండిపోయింది.)

పోలికల ఉపసంఘం అధ్యక్షుడు డెల్బర్ట్ క్విస్ట్ కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"చెప్పమ్మా సోల్వేగ్, ఇందులో సరస్సుందా?"

"ఉండేది. గీకేశాను."

"ఎంతమేరకు?"

"నాకే కనిపించనంత."

నిబంధనల్లో ఆ కొలత ఉంది. క్విస్ట్ రాసుకున్నాడు.

ముగ్గురు పౌరులు ఒకే వస్తువును గుర్తుపడితే అది రూపచిత్రం. గుడిసెలవాళ్లు వరసగా వచ్చి బొమ్మ ముందు నిలబడ్డారు. ఒకడికి తడి దుప్పటి కనిపించింది. ఇంకొకడికి వాళ్ల వదిన వంటగది. మిగతావాళ్లు కాఫీ ఎక్కడిస్తారని అడిగారు. సోల్వేగ్‌కు ప్రాణం లేచొచ్చింది, కొంచెం మనసు నొచ్చుకుంది కూడా.

"తీర్పు: నైరూప్యం. గోడ మీదే ఉంటుంది," అన్నాడు క్విస్ట్.

"మరి నలభైమందీ తిన్నగా నా చోటికే ఎలా వచ్చార్రా?" అన్నాడు ఆర్విల్.

ఎరల కొట్టు నడిపే మార్వెల్ లిండాల్ ఇటు తిరిగింది. "బొమ్మ చూసి కాదయ్యా. పక్కన అంటించిన కాగితం చదివి."

బొమ్మపై వచ్చిన అభ్యంతరాన్ని పద్నాలుగు రోజులు దాని పక్కనే, అందరికీ కనిపించేలా అంటించాలన్నది నిబంధన. క్విస్ట్ కాగితం ఊడదీసి పైకి చదివాడు.

"ఈ నీలి మచ్చ నా చోటే. చర్చి గోపురానికి ఎదురుగా, రెండు బండలకు ఉత్తరాన అరవై అడుగులు. దయచేసి ఎవరికీ తెలియనివ్వకండి." కాగితం ఆమె వైపు తిప్పాడు. "కింద సంతకం అంతా గీతలే. నువ్వేమైనా పోల్చుకోగలవా సోల్వేగ్?"

సోల్వేగ్ దగ్గరికెళ్లి, తల పక్కకు వంచి, తీరిగ్గా చూసింది.

"ఆర్విల్ స్టెన్‌రుడ్," అంది.