గోడ లేని కిటికీ

ఒక పెద్ద అడవిలో నలభై ఏళ్లపాటు ఎవరికీ ఏదీ సొంతం కాదు. మడుగు అందరిదీ, ఇప్పచెట్లు అందరివీ, తేనెతుట్టెలు అందరివీ. అందరివీ అన్నారు కదా అని వెళ్లి తినేయడానికి లేదండోయ్. పండినదంతా ఉమ్మడి కొట్టుకు చేరాలి. కొట్టు కిటికీ ముందు వరసలో నిలబడి, చీటీ ఇచ్చి, లోపలివాళ్లు ఏం పెడితే అది పుచ్చుకోవాలి. తేనె మాత్రం కొట్టుదాకా వచ్చేది కాదు, దారిలో ఎలుగుబంటి పెద్దాయన ఇల్లు ఉండేది.

ఆ పెద్దాయనే అడవికి అధిపతి. ఆయన మాటకు ఎదురు లేదు. ఎదురు చెప్పినవాళ్లు ఉండేవారని అంటారు గానీ, వాళ్లెక్కడున్నారో ఎవరూ అడిగేవారు కాదు.

నలభై ఏళ్లు అలా బతికేసరికి ఆ అడవి జంతువులకు ఒక అలవాటు పట్టింది. వరస కనపడితే ముందు నిలబడాలి, దేనికని తర్వాత అడగాలి. అడిగేలోపు సరుకు అయిపోతుందని భయం. ఒకసారి ఒక దుప్పి వీపు దురద పుట్టి మద్దిచెట్టుకు రుద్దుకుంటూ ఆగింది. వెనకాల పన్నెండు జంతువులు వరస కట్టాయి. ఒక్కొక్కటే వంతు వచ్చినప్పుడు చెట్టుకు వీపు రుద్దుకుని, ఇవాళ ఇదే ఇచ్చినట్టున్నారు అనుకుంటూ ఇంటికి పోయాయి.

ఈ వరస విద్యలో ముళ్లపంది ఈదమ్మను మించినవాళ్లు లేరు. కోడి కూయకముందే లేచి కిటికీ ముందు కూర్చునేది. ఒంటినిండా ముళ్లు కాబట్టి వెనకనుంచి తోసే ధైర్యం ఎవరికీ లేదు. మొగుడు పోయాడు, ముగ్గురు పసిపిల్లలు. మడుగు గట్టున బొరియలో కాపురం. వరసలో మొదటి చోటు తప్ప ఆమెకు ఇంకో ఆస్తి లేదు, దాన్ని చూసుకుని కాస్త గర్వం కూడా ఉండేది.

పెద్దాయన చేసిన మంచిపని ఒకటుంది, చెప్పకపోతే నాకు కళ్లు పోతాయి. ఏటా ఎండలు ముదరకముందు డప్పు కొట్టించి, అందరిచేతా మడుగులో పూడిక తీయించేవాడు. అందరూ తిట్టుకుంటూనే తీసేవారు. మడుగు మాత్రం ఏ ఏడూ ఎండలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, గమనిస్తే మెచ్చుకోవాల్సి వస్తుంది కదా.

ఒకరోజు తేనె కోసం ఎక్కిన కొమ్మ విరిగి పెద్దాయన కిందపడి ప్రాణం విడిచాడు. ఆ కొమ్మ పుచ్చిపోయిందని చుట్టుపక్కల అందరికీ తెలుసు. చెప్పడం ఎవరి పనో తేలక ఊరుకున్నారు.

అడవంతా పండగ చేసుకుంది. కొత్త సభ ఏర్పడింది. అడవిదున్న సభాపతి అయ్యాడు. మంచివాడు, ఎవరేం చెప్పినా తలూపుతాడు. సలహాదారుగా చలిదేశం నుంచి ఏటా వచ్చిపోయే ఒక తెల్లకొంగను పెట్టుకున్నారు. పొడుగు కాళ్లు, పొడుగు మెడ, అంతకంటే పొడుగు మాటలు. అందరూ ఆయన్ని కొంగదొర అనేవారు.

కొంగదొర మడుగులో మోకాలిలోతున నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"అందరిదీ అన్నది ఎవరిదీ కాదు. సొంతం అయితేనే శ్రద్ధ ఉంటుంది. మడుగును ఆకులుగా పంచేద్దాం. తలకో మోదుగాకు, దానిమీద సభాపతిగారి గిట్ట ముద్ర. ఆకు ఉన్నవాడికి మడుగులో వాటా ఉన్నట్టే."

"కొంచెం కొంచెంగా పంచితే బాగుంటుందేమో," అన్నాడు దున్న, తలూపుతూనే.

"చన్నీళ్ల స్నానం కొంచెం కొంచెంగా చేస్తారా ఎవరైనా? ఒక్కసారి మునిగితే చలి తెలియదు."

"మరి మీరు మునగరా దొరా?" అని వెనకనుంచి కుందేలు కాంతం అడిగింది.

"నేను సలహాదారుణ్ణమ్మా," అన్నాడు కొంగదొర.

ఆకులు పంచారు. ఈదమ్మకు నాలుగొచ్చాయి, తనదొకటి, పిల్లలవి మూడు. ఇంటికి తెచ్చి పిల్లల తలల దగ్గర పెట్టింది. ఇవి ఏం చేసుకోవాలో ఆమెకు బోధపడలేదు. కాంతాన్ని అడిగితే దానికీ బోధపడలేదు. చీటీ చేతిలో ఉంటే ఎక్కడో కిటికీ ఉండాలి కదా, ఆ కిటికీ ఎక్కడ అన్నదే ఆ వారమంతా అడవిలో చర్చ.

ఇక్కడ పునుగుపిల్లి పరాంకుశం గురించి చెప్పాలి. పెద్దాయన రోజుల్లో ఉమ్మడి కొట్టు అధికారి ఆయనే. కొట్టు మూసేసిన రోజున, ఎలాగూ ఎవరిదీ కాదు కదా అని, లోపల మిగిలిన ఇప్పపూల బస్తాలు ఇంటికి చేరవేశాడు. పోతూ పోతూ కిటికీ కూడా చట్రంతో సహా పీక్కుపోయాడు. ఇదేం పిచ్చి అని అప్పుడు అందరూ నవ్వారు.

పిచ్చో తెలివో ఎనిమిదో రోజున తెలిసింది. పరాంకుశం ఆ కిటికీని తెచ్చి ఒక ఖాళీ మైదానంలో రెండు కర్రల మధ్య నిలబెట్టాడు. గోడ లేదు, కప్పు లేదు, కొట్టూ లేదు. ఒట్టి కిటికీ. దాని వెనకాల బల్ల వేసుకుని కూర్చుని, తలుపు సగం తెరిచాడు. నోరు విప్పి ఒక్క మాట అనలేదు.

జాము తిరిగేలోపు వరస మద్దిచెట్టు దాటింది. మొదట ఉన్నది ఎవరనుకున్నారు, మన ఈదమ్మే.

"ఆకులు," అన్నాడు పరాంకుశం తలెత్తకుండా.

ఈదమ్మ నాలుగాకులూ ఇచ్చింది. ఆయన ఎనిమిది దోసిళ్ల ఇప్పపూలు పోశాడు. నాలుగు దోసిళ్లే వస్తాయనుకున్న ఈదమ్మ పొంగిపోయింది.

"చల్లగా ఉండండి బాబూ. రేపు కూడా ఇస్తారా?"

"ఆ, తర్వాత," అన్నాడాయన.

సాయంత్రానికి అడవిలో ఆకులన్నీ పరాంకుశం బల్ల కిందికి చేరాయి. కిటికీకి అటూ ఇటూ బయలే, పక్కనుంచి నడిచి వెళ్తే ఆయన వెనక ఏముందో కనపడేది. ఒక్కరూ పక్కకు రాలేదు. వస్తే వరసలో చోటు పోతుంది.

మర్నాడు మడుగు చుట్టూ ముళ్లకంచె లేచింది. కిటికీ మడుగు దారిలో పాతారు. దోసెడు నీళ్లకు బుట్టెడు ఇప్పపూలు. మడుగు అమ్ముకుని తెచ్చుకున్న ఎనిమిది దోసిళ్ల పూలకు దొరికిన నీళ్లు ఈదమ్మకు రెండు రోజులు కూడా రాలేదు. పొద్దంతా చెట్ల కింద పూలు ఏరి, ఆ పూలు కిటికీలో పోసి, తెచ్చిన నీళ్లు ముగ్గురు పిల్లలకు పట్టి, తను పొదల మీద మంచు నాక్కునేది. తన ఆకు పోతే పోయింది, పిల్లల ఆకులు కూడా నా చేతులతోనే ఇచ్చేశానే అని రోజూ ఏడ్చేది.

ఉండబట్టలేక సభకు వెళ్లింది.

"అయ్యా, మడుగు మాకు పంచారు. ఇప్పుడు మాకు నీళ్లు లేవు."

దున్న తలూపాడు. "నిజమేనమ్మా, పంచాం. మీరే ఇచ్చేసుకున్నారు."

"కిటికీ తెరిస్తే ఇవ్వరా మరి?"

దున్న కొంగదొర వైపు చూశాడు.

"మొదట్లో కాస్త కష్టంగానే ఉంటుందమ్మా," అన్నాడు కొంగదొర. కంచె లోపల నిలబడటానికి ఆయనకు ఉచిత అనుమతి ఉంది.

"మొదట్లో అంటే ఎంతకాలం దొరా?"

"అలవాటయ్యేదాకా."

మాఘం పోయి ఎండ కొంచెం చురుక్కుమనగానే, మా ఊళ్లో మంచు కరిగిందట అని కొంగదొర ఎగిరిపోయాడు. పోతూ ఒక నివేదిక రాసిచ్చాడు. కార్యక్రమం విజయవంతమైంది, జంతువులు మాత్రం ఇంకా సిద్ధంగా లేవు అని దాని సారాంశం.

పూడిక తీసే రోజులొచ్చాయి. పరాంకుశం తనే డప్పు కొట్టించాడు. ఒక్కరు రాలేదు.

"నీ మడుగు, నీ పూడిక," అంది కాంతం. నలభై ఏళ్లలో అది అన్న మొదటి మంచి మాట అదే.

కూలి ఇస్తే వచ్చేవారేమో. కానీ పరాంకుశానికి సొంతదారు అంటే చేతికి బురద అంటనివాడని ఒక నమ్మకం. కూలి ఇవ్వకపోగా ఇంకో ఆదాయం కనిపెట్టాడు. పక్క అడవిలో దుమ్ములగొండ్లు ఇళ్లు కట్టుకుంటున్నాయి, వాటికి రాళ్లు కావాలి. మడుగు కట్టకు బోలెడు రాళ్లున్నాయి. రోజుకు పది చొప్పున పీకి అమ్మాడు. ఊరికే పడున్న రాళ్లు, నీళ్లలో రాళ్లెందుకు అని తన తెలివికి తనే మురిసిపోయాడు.

చైత్రంలో ఒక అకాలవర్షం కురిసింది. రాళ్లు లేని కట్ట ఒకచోట జారింది. ఉన్న నీళ్లు ఎండు వాగులో పడి ఇంకిపోయాయి. ఇక రోహిణి కార్తె వచ్చింది, రోళ్లు పగిలే ఎండలు. మిగిలిన బురద కూడా నెర్రెలిచ్చింది. పరాంకుశం ఇంట్లో ఇప్పపూలు అటక దాకా ఉన్నాయి, నాలుక తడుపుకోవడానికి చుక్క లేదు. ఎండు పూలు మింగుడుపడక ఆయనా అలమటించాడు. కానీ గుండె నిబ్బరం గలవాడు. నేరుగా సభకు వెళ్లి దున్న ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు.

"సభాపతిగారూ, మడుగు అడవికి ప్రాణం. ఇంత పెద్ద ప్రాణం ఒక్కడి చేతిలో ఉండొచ్చా? నా మనసు ఒప్పుకోవడం లేదు. అడవి మేలు కోరి తిరిగి ఇచ్చేస్తాను."

దున్న కళ్లు చెమర్చాయి. "ఎంత పెద్ద మనసయ్యా నీది."

"ఊరికే తీసుకుంటే మీకు చిన్నతనం. సభ వానాకాలానికి దాచిన గింజల గాదె ఇప్పించండి చాలు."

దున్న తలూపాడు. గాదె అటు వెళ్లింది, మడుగు ఇటు వచ్చింది. మడుగు మళ్లీ అందరిదీ అయిందని డప్పు వేశారు. ఎండిన మడుగును మళ్లీ ఆకులుగా పంచారు. వరస కట్టి అందరూ పుచ్చుకున్నారు, కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

ఈదమ్మ నాలుగాకులు పట్టుకుని ఇంటికి వచ్చింది. పెద్దపిల్లలిద్దరూ నీడలో పడి ఉన్నారు. చిన్నది అమ్మ వచ్చినా కళ్లు తెరవలేదు. నాలుక అట్టలా ఎండిపోయింది. ఈదమ్మ ఆకులు చూసింది, పిల్లను చూసింది. పిల్లను నోట కరుచుకుని తిన్నగా సభకు పోయి దున్న ముందు దించింది.

"ఈ నాలుగాకులకు మడుగులో నాకు చోటెక్కడయ్యా?"

"అలా కొలిచి ఇవ్వమమ్మా. మొత్తం మీద వాటా అంతే."

"అయితే ఎక్కడైనా నాదే కదా?"

దున్న ఆలోచించాడు. పక్కన సలహాదారు లేడు. తలూపాడు.

ఈదమ్మ మడుగు మధ్యకు నడిచింది. అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట పిల్లను పక్కన పడుకోబెట్టి, ఆకులు నెర్రెల్లో గుచ్చి, తవ్వడం మొదలుపెట్టింది. ముళ్లపందికి తవ్వడం ఒకరు నేర్పాలా? గోళ్లు చిట్లాయి. నడుము లోతున మట్టి నల్లబడింది, ఇంకో మూరకు తడిసింది, ఇంకో జానకు నీళ్లు ఊరాయి. దోసిట పట్టి పిల్ల నోట్లో పోసింది. మూడో గుక్కకు పిల్ల కళ్లు తెరిచి, ఇంకా అన్నట్టు మూతి చాపింది. ఈదమ్మ బావురుమంది. ఏడుస్తూనే తక్కిన ఇద్దరినీ తెచ్చి నీళ్లు పట్టింది.

కళ్లు తుడుచుకుని తల తిప్పేసరికి పరాంకుశం వచ్చేశాడు. చెలమకు రెండడుగుల దూరంలో కర్రలు పాతి, కిటికీ నిలబెట్టి, బల్ల సర్దుకుంటున్నాడు.

"అమ్మా ఈదమ్మా, ఆ నాలుగాకులు ఇటిస్తే పదహారు దోసిళ్లు పోస్తాను. రెట్టింపు. నువ్వు పాతకాలం ఖాతాదారువి."

కిటికీకి అవతల కనపడేది చూసి ఈదమ్మకు మతిపోయింది. అడవి అడవంతా కిటికీ ముందు వరస కట్టి ఉంది. రెండడుగులు పక్కకు వేస్తే నీళ్లు. ఒక్కరూ వేయలేదు. కాంతం ఏడో చోటులో నిలబడి, నాలుక బయటపెట్టి రొప్పుతోంది.

ఈదమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. ఒప్పుకుని ఆకులు తేవడానికే తిరిగిందనుకుని పరాంకుశం బుట్ట ముందుకు జరిపాడు. ముళ్లపంది వీపు చూపించిందంటే ఏమిటో తెలియని జంతువు అడవిలో ఉండదు, కానీ ఇన్నాళ్లూ ఆమెను కిటికీ లోంచే చూసినవాడు ఆయన. ఈదమ్మ ముళ్లన్నీ నిక్కబొడిచి వెనక్కి ఒక్క ఊపు ఊపింది. బల్ల బోర్లా పడింది. పరాంకుశం వెనకభాగంలో ఇరవైదాకా ముళ్లతో, కిటికీ చట్రం మెడలో వేసుకుని, పక్క అడవి దాకా ఆగకుండా పరిగెత్తాడు. ఇప్పటికీ ఆయన కూర్చోలేడని దుమ్ములగొండ్లు చెప్పుకుంటాయి.

ఈదమ్మ అలసిపోయి చెలమ పక్కన కూలబడింది. "రండి, తాగండి," అంది.

వరస కదల్లేదు. అందరూ రెండు కర్రల మధ్య కిటికీ ఉండాల్సిన చోటు వైపు చూస్తున్నారు. వెనకనుంచి ఎవరో, భోజనానికి వెళ్లినట్టున్నారు, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో అని అడిగారు.

"వదినా, ఎంత పని చేశావు," అంది కాంతం కోపంగా. "ఇంకో ఆరుగురు అయితే నా వంతు వచ్చేది."

ఈదమ్మ లేచి వెళ్లి దాని చెవి పట్టుకుని, వరసలోంచి లాక్కొచ్చి, మూతి నీళ్లలో ముంచింది. కాంతం తాగింది. కడుపునిండా తాగి తలెత్తి చూసి, తన ఏడో చోటులోకి అప్పుడే తొండ జరిగిపోయిందని గమనించి, గబగబా వెళ్లి చివర్న నిలబడింది.

నీతి: మడుగు నిండితే ఒకడిది, ఎండితే అందరిదీ, వరస మాత్రం ఎప్పుడూ మనదే.